ఆర్నెల్ల కాపురం

జర్మనీలో మాస్టర్స్ చదవడానికి రెండేళ్లకు వెళ్లేవారూ, ఇక్కడి కాలేజీ నుంచి ఒక్క సెమిస్టర్‌కు ఎక్స్ఛేంజ్ మీద వెళ్లేవారూ ఎక్కేది ఒకే విమానం. తేడా దిగాకే తెలుస్తుంది. మొదటివారు ఒక పని ఈ నెల కాకపోతే వచ్చే నెల చేసుకుంటారు. రెండోవారికి చేతిలో ఉండేది ఐదారు నెలలు. అక్కడి ఆఫీసులకు మాత్రం ఈ తేడాతో పనిలేదు. రెండేళ్లు ఉండేవారిని ఏ కాగితాలు అడుగుతారో ఆర్నెల్లు ఉండేవారినీ దాదాపు అవే అడుగుతారు. పైగా వీరు అవన్నీ మొదటి నెలలో కూడగట్టుకుని, ఆఖరి నెలలో ఒక్కొక్కటే రద్దు చేసుకుంటూ రావాలి. చదువు, స్నేహాలు, ఊళ్లు తిరగడం, ఇంటి మీద బెంగ... ఇవన్నీ ఇరుక్కోవాల్సింది మధ్యలో మిగిలిన ఆ మూడు నాలుగు నెలల్లోనే.

ఎక్స్ఛేంజ్ అంటే రెండు విశ్వవిద్యాలయాలు చేసుకున్న ఇచ్చిపుచ్చుకోళ్ల ఒప్పందం. ఫీజు ఇక్కడి కాలేజీకే కడతారు. అక్కడ ట్యూషన్ ఫీజు ఉండదు, సెమిస్టర్ చందా అని కొంత మొత్తం ఉంటుంది. చాలాచోట్ల బస్సులు, లోకల్ రైళ్ల పాసు దాంట్లోనే కలిసి వస్తుంది. అయితే తిండికీ గదికీ డబ్బుందని వీసా ఇచ్చేముందే చూపించాలి. స్కాలర్‌షిప్ లేనివారు సాధారణంగా బ్లాక్డ్ అకౌంట్ తెరుస్తారు. 2024 సెప్టెంబరు నుంచి దాని లెక్క నెలకు 992 యూరోలు. డబ్బు మనదే, కానీ ఒక్కసారిగా తీయనివ్వరు. నెలనెలా ఇంతని మన మామూలు బ్యాంకు ఖాతాలోకి వదులుతారు. ఆ మామూలు ఖాతా తెరవడంలోనే ఉంది ఒక తిరకాసు.

అసలు తిరకాసు అంతకుముందే, క్యాలెండర్ దగ్గరే మొదలవుతుంది. అక్కడ శీతాకాలపు సెమిస్టర్ అక్టోబరు 1 నుంచి మార్చి 31 దాకా. క్లాసులు సుమారు అక్టోబరు నడుమ మొదలై ఫిబ్రవరిలో ముగుస్తాయి, పరీక్షలు ఆ చివర్లో. ఇక్కడేమో జనవరిలోనే రెండో సెమిస్టర్ మొదలైపోతుంది. పోనీ ఏప్రిల్‌లో మొదలయ్యే వేసవి సెమిస్టర్‌కు వెళ్దామంటే, ఇక్కడి పరీక్షలు ఏప్రిల్, మే నెలల్లో. ఎటు వెళ్లినా ఇక్కడి సెమిస్టర్ ఒకటి అంచుల్లో తెగుతుంది. ఆ తెగినదాన్ని ఎలా అతుకుతారో హెచ్ఓడీ చేత బయల్దేరకముందే కాగితం మీద రాయించుకోవాలి. అక్కడ చదివే ఏ సబ్జెక్టు ఇక్కడ దేనికి బదులవుతుందో చెప్పే లర్నింగ్ అగ్రిమెంట్ కూడా అంతే. "వచ్చాక చూద్దాంలేవయ్యా" అన్న మాట పట్టుకుని విమానం ఎక్కినవారు తిరిగొచ్చాక పడే అవస్థ అక్కడి చలిలో పడ్డదానికంటే ఎక్కువ.

ఇక కాగితాల గొలుసు. జర్మనీలో గదిలో దిగిన రెండు వారాల్లోపు ఊరి మునిసిపల్ ఆఫీసులో చిరునామా నమోదు చేయించుకోవాలి. దాన్ని ఆన్‌మెల్డుంగ్ అంటారు. దానికి ఇల్లిచ్చినవారు సంతకం పెట్టిన పత్రం కావాలి. హాస్టల్ గది ముందే దొరికినవారికి ఆ పత్రం హాస్టల్ ఆఫీసే ఇస్తుంది. దొరక్క తాత్కాలికంగా ఎక్కడో దిగినవారికి చాలాసార్లు ఎవరూ ఇవ్వరు. నమోదు పత్రం లేకపోతే కొన్ని బ్యాంకులు ఖాతా తెరవవు. ఖాతా లేకపోతే బ్లాక్డ్ అకౌంట్ డబ్బు కదలదు. డబ్బు కదలకపోతే దొరికిన గదికి డిపాజిట్ కట్టలేం. గది లేకపోతే నమోదు లేదు. ఈ చక్రంలో పడకుండా ఉండటానికి దారి ఒక్కటే: సీటు ఖాయమైన రోజే విద్యార్థి హాస్టల్‌కు దరఖాస్తు పెట్టడం, మొదటి నెలన్నర ఖర్చు విడిగా చేతిలో ఉంచుకోవడం. పెద్ద నగరాల్లో మునిసిపల్ ఆఫీసు అపాయింట్‌మెంట్‌కే వారాలు పడుతుంది కాబట్టి దాన్నీ ఇంటి నుంచే బుక్ చేసుకుంటే మేలు.

ఇంకో చిన్న సంగతి ఎవరూ ముందు చెప్పరు. అక్కడ బ్యాంకు కార్డు, పిన్ నంబరు, ఇన్సూరెన్స్ కార్డు, ఆఫీసు పిలుపు అన్నీ పోస్టులోనే వస్తాయి. పోస్టుమాన్ చూసేది గది నంబరు కాదు, కింద పెట్టె మీద అతికించిన ఇంటిపేరు. ఆ పేరు లేకపోతే ఉత్తరం వెనక్కి పోతుంది. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు ఒకరికి ముందు, ఒకరికి వెనక, కొందరికి ఒట్టి పొడి అక్షరం. పాస్‌పోర్టులో సర్‌నేమ్ గడిలో ఏముందో అదే పెట్టె మీద ఉండాలి. ఊళ్లో పెళ్లిపత్రికల మీద తప్ప కనిపించని తాతల నాటి ఇంటిపేరుతో అక్కడ ప్రతి గుమస్తా, ప్రతి ప్రొఫెసరూ పిలుస్తుంటే మొదట్లో ఎవరినో పిలుస్తున్నట్టే ఉంటుంది.

ఓరియెంటేషన్లలో తరచూ చెప్పే మాట ఒకటుంది: మొదటి వారాలు పెళ్లికళలా ఉంటాయి, దిగులు తరవాత మొదలవుతుంది, ఆపై మెల్లగా సర్దుకుంటారు అని. దీనికి మూలం పాతదే. కల్చర్ షాక్ అన్న మాటను జనంలోకి తెచ్చిన మానవశాస్త్రవేత్త కాలర్వో ఓబర్గ్ 1954లో రియో డి జనీరోలో చేసిన ప్రసంగంలో ఇలాంటి దశలే వర్ణించాడు. 1955లో నార్వే పరిశోధకుడు స్వెర్రె లిస్‌గార్డ్, ఫుల్‌బ్రైట్ మీద అమెరికా వెళ్లొచ్చిన 200 మంది నార్వేవాళ్లను ప్రశ్నించి, ఆర్నెల్లలోపు ఉన్నవారూ ఏడాదిన్నర దాటి ఉన్నవారూ బాగానే ఇమిడారనీ, మధ్యవాళ్లే ఇబ్బంది పడ్డారనీ తేల్చాడు. గీస్తే ఇంగ్లిష్ 'యు' అక్షరంలా వచ్చే ఆ గీత అప్పటి నుంచి పాఠ్యపుస్తకాల్లో స్థిరపడింది.

కానీ లిస్‌గార్డ్ ఏ ఒక్కరినీ నెలల తరబడి వెంబడించి చూడలేదు. వేర్వేరు కాలాలపాటు ఉండి వచ్చినవారిని పక్కపక్కన పెట్టి పోల్చాడంతే. 1998లో కొలీన్ వార్డ్ బృందం న్యూజిలాండ్‌లో దిగిన జపాన్ విద్యార్థులను మొదటి రోజు నుంచి ఏడాది దాకా అప్పుడప్పుడూ పలకరిస్తూ కొలిస్తే లెక్క తిరగబడింది. ఎక్కువ కుంగుబాటు కనిపించింది దిగిన మొదట్లోనే, పెళ్లికళ అని చెప్పే రోజుల్లోనే. అది చిన్న బృందమే, దాంతో అందరి సంగతీ తేలిపోదు. అయినా ఎక్స్ఛేంజ్ విద్యార్థుల విషయంలో నాకు దీని మీదే గురి. భాష రాదు, పెట్టె మీద పేరు లేదు, బ్యాంకులో డబ్బు రాలేదు, ఆపైన ఆదివారం. వీటన్నిటి మధ్య సంబరం ఎక్కణ్నుంచి వస్తుంది? మొదటి వారంలో ఏడుపొస్తే తమలోనే ఏదో లోపముందనుకునే పిల్లలకు ఈ సంగతి ముందే తెలియడం మంచిది.

ఆదివారం అన్నది ఊరికే కాదు. జర్మనీలో ఆదివారాలు సూపర్‌మార్కెట్లు మూసే ఉంటాయి. పెద్ద రైల్వే స్టేషన్లలో, పెట్రోలు బంకుల్లో తప్ప పాలపొట్లం కూడా దొరకదు. శనివారం రాత్రి దిగినవారికి తొలి భోజనం బ్యాగులోని పులిహోర పొడి, జంతికలే.

ఆకలి తీరాలంటే వంటగదిలోకి వెళ్లాలి, హాస్టల్‌లో అది నలుగురైదుగురికి ఉమ్మడి. ఫ్రిజ్‌లో ఒక అర మనది. పొయ్యి నున్నటి గాజు పలక. మంట ఉండదు, వేడెక్కడం ఆలస్యం, కట్టేశాక చల్లారడమూ ఆలస్యం. ఇంటి నుంచి తెచ్చిన గుండ్రటి అడుగు మూకుడు దాని మీద నిలవదు, నిలిచినా వేడి అందుకోదు. ఇక పోపు. నూనె కాగి ఆవాలు చిటపటలాడే సరికి ఎండుమిర్చి మాడుతుంది, ఘాటు లేస్తుంది, పైకప్పున ఉన్న పొగ అలారం కూస్తుంది. పెద్ద భవనాల్లో కొన్ని అలారాలు నేరుగా ఫైరింజన్‌ను పిలుస్తాయి, వచ్చినందుకు బిల్లు పడొచ్చు. దీనికి విద్యార్థులు కనిపెట్టిన ఉపాయాలు: కిటికీ తెరిచి, తలుపు మూసి, పొయ్యి కట్టేసిన తరవాత ఆ మిగిలిన వేడి మీదే మిర్చీ ఇంగువా వేయడం. పోపు కాస్త నీరసంగా ఉంటుంది, పప్పు మాత్రం పప్పే.

సరుకుల విషయంలో తెలుగు విద్యార్థిని ఆదుకునేది ఇండియన్ షాపు కంటే ముందు టర్కీ షాపు. 1961లో పశ్చిమ జర్మనీ టర్కీతో కార్మికుల ఒప్పందం చేసుకుంది. అలా వచ్చిన కుటుంబాల దుకాణాలు ఈనాడు దాదాపు ప్రతి ఊళ్లోనూ ఉన్నాయి. కొత్తిమీర, పుదీనా, బెండకాయలు, ఎర్ర కందిపప్పు అని మనవాళ్లు సర్దుకునే మసూర్ పప్పు, చిక్కటి పెరుగు అక్కడ దొరుకుతాయి. ఐరాన్ అని సీసాల్లో అమ్మేది ఉప్పేసిన మజ్జిగే. ఖాళీ సీసా పారేయకూడదు: ప్లాస్టిక్ సీసాల్లో చాలావాటికి 25 సెంట్లు ముందే కట్టించుకుంటారు, సూపర్‌మార్కెట్ మెషీన్‌లో వేస్తే తిరిగిస్తారు.

క్లాసులో వింతలు తక్కువే, ఉన్నవి మాత్రం ఖరీదైనవి. టైమ్‌టేబుల్‌లో పది అని ఉండి పక్కన సి.టి. అని ఉంటే క్లాసు పదింపావుకు, ఎస్.టి. అని ఉంటే సరిగ్గా పదికి. పాఠం అయ్యాక చప్పట్లు కొట్టరు, బల్ల మీద వేళ్ల కణుపులతో తడతారు. మార్కుల్లో 1.0 అన్నిటికన్నా గొప్పది, 4.0 గట్టెక్కినట్టు, 5.0 తప్పినట్టు. కొడుక్కి 1.3 వచ్చిందని విని గుంటూరులో తండ్రి నీరుగారిపోతే అది ఆయన తప్పు కాదు. ఇవి నవ్వుకునే సంగతులు. నవ్వుకోలేనిది ఇంకొకటి: కోర్సులో చేరితే పరీక్షకు పేరు నమోదైనట్టు కాదు. చాలా విశ్వవిద్యాలయాల్లో పరీక్షకు విడిగా, గడువులోపు పేరివ్వాలి. ఇంటర్నల్స్, అసైన్‌మెంట్లు అంటూ ఏడాదంతా ఎవరో ఒకరు వెంటబడే పద్ధతికి అలవాటైనవారు ఇక్కడే దెబ్బతింటారు.

స్నేహాల గురించి స్టీఫెన్ బోక్నర్ 1977లో హవాయిలోని విదేశీ విద్యార్థులను చూసి చెప్పింది ఇప్పటికీ పనికొస్తుంది. వారికి మూడు వలయాలుంటాయన్నాడు: సొంత దేశంవారు, స్థానికులు, ఇతర దేశాల విద్యార్థులు. సొంతవారితో మనసు విప్పుకుంటారు, స్థానికులతో పనులు చక్కబెట్టుకుంటారు, మూడోవారితో కాలక్షేపం. జర్మనీలో మొదటి వలయానికి కొదవలేదు. 2023-24లో అక్కడ చదువుతున్న భారతీయ విద్యార్థులు 49 వేల పైచిలుకు. విదేశీ విద్యార్థుల్లో అందరికంటే ఎక్కువ మనవాళ్లే. తెలుగువారి వాట్సాప్ గ్రూపులో ఆన్‌మెల్డుంగ్ ఫారం నింపడం దగ్గర్నుంచి సోనామసూరి ఎక్కడ చవకో వరకు అన్నీ తెలుస్తాయి. ఆ గ్రూపును చిన్నచూపు చూసే పెద్దల సలహాలు నాకు రుచించవు. అలాగని రోజూ సాయంత్రం అదే గదిలో అదే అన్నం తింటే ఒక సెమిస్టర్ ఇట్టే కరిగిపోతుంది. స్థానికుల స్నేహబృందాలు చాలావరకు ముందే కుదిరి ఉంటాయి, ఐదు నెలల్లో వాటిలోకి దూరడం కష్టం. తేలిగ్గా అందేది మూడో వలయం. అందులోని స్పెయిన్ అమ్మాయికీ, కొరియా అబ్బాయికీ కూడా చేతిలో ఉన్నది అంతే సమయం, వాళ్లూ ఎవరో ఒకరి కోసం చూస్తున్నారు. విశ్వవిద్యాలయం తక్కువ ఫీజుకు నడిపే ఆటల క్లాసుల్లో ఒకదానికి మొదటి వారంలోనే పేరిస్తే చాలు.

ఇంటికి ఫోన్ విషయంలో మాత్రం గడియారం చూడాలి. వేసవిలో తేడా మూడున్నర గంటలు, అక్టోబరు ఆఖరి ఆదివారం నుంచి నాలుగున్నర. అప్పుడు అక్కడ రాత్రి తొమ్మిదంటే విజయవాడలో ఒంటిగంటన్నర, అమ్మ మేలుకునే ఉంటుంది. డిసెంబరులో బెర్లిన్‌లో నాలుగింటికే పొద్దు గూకుతుంది, పగలు ఎనిమిది గంటలైనా ఉండదు. చీకట్లో, అన్నం తినకముందు చేసే ఫోన్లో దిగులు రెట్టింపు వినిపిస్తుంది. మధ్యాహ్నం మెన్సాలో, అంటే విశ్వవిద్యాలయ క్యాంటీన్‌లో, భోంచేసి చేసే ఫోన్ ఇద్దరికీ మంచిది.

చివరి నెలలో ఇదంతా వెనక్కి విప్పాలి. చిరునామా నమోదును రద్దు చేయించుకునే ఆబ్‌మెల్డుంగ్‌కు, ఊరు వదలడానికి వారం ముందు నుంచి దరఖాస్తు పెట్టొచ్చు. ఆ రశీదు చూపిస్తే రేడియో, టీవీ చందా ఆగుతుంది. అది ఇంటికి నెలకు 18.36 యూరోలు, టీవీ లేకపోయినా కట్టాలి, ఆపమని చెప్పకపోతే మనం వెళ్లిపోయాక కూడా లెక్క నడుస్తూనే ఉంటుంది. ఫోన్, జిమ్ ఒప్పందాలకు నోటీసు గడువులుంటాయి కాబట్టి ముందుగానే రాయాలి. మార్కుల పత్రం తరచూ వారాల తరవాత వస్తుంది, అప్పటికి అక్కడి ఈమెయిల్ పనిచేస్తుందో లేదో అడిగి పెట్టుకోవాలి. బ్యాంకు ఖాతాను అన్నిటికంటే ఆఖర్న మూయాలి. గది డిపాజిట్ తిరిగొచ్చేది గది అప్పగించిన కొన్ని వారాలకు, ఆ సొమ్మును మన దేశపు ఖాతాకు పంపడానికి హాస్టల్ ఆఫీసు ఒప్పుకుంటుందో లేదో తాళాలు ఇచ్చేముందే రాతపూర్వకంగా తేల్చుకోవాలి.