మా పెరటిలో మోదుగ పూచినది

మాఘమాసం ముగిసి, కల్లాలలో మిరపకాయలు ఎండుతున్న రోజులలో పల్నాటి దారుల వెంట ప్రయాణించిన వారికి ఒక దృశ్యం సుపరిచితమే. ఆకంతా రాల్చి మోడుగా నిలిచిన చెట్టు ఒకటి కొమ్మకొమ్మకు నిప్పంటుకున్నట్లు కనిపిస్తుంది. అదే మోదుగ. సంస్కృతంలో పలాశమని, కింశుకమని పేర్లు. వంకర తిరిగిన ఆ పువ్వును చూడగానే ‘ఇది చిలుకయా ఏమి?’ అనే సందేహం కలుగుతుంది గనుక కింశుకమన్నారు. విస్తళ్ళకు ఆకులు, హోమానికి సమిధలు కావలసినప్పుడే మనకు ఈ చెట్టు గుర్తుకు వస్తుంది. బీడులలో తనంత తానుగా మొలిచే దీనిని పనిగట్టుకొని పెరటిలో పెంచేవారు అరుదు. మేము పెంచాము.

పిడుగురాళ్లలో మా ఇల్లు సున్నపు బట్టీలకు కొంత దూరంలోనే ఉన్నా, గాలి ఇటు తిరిగినప్పుడు ఆకుల మీద తెల్లని పొర పడుతూనే ఉంటుంది. మా అమ్మ ఏటా ఫాల్గుణంలో ఊరి వెలుపల ఒక మోదుగ చెట్టు క్రింద రాలిన పూలు ఏరి తెచ్చి, నీడన ఆరబెట్టి, డబ్బాలో దాచేది. వేసవిలో పిల్లలకు చెమటకాయలు లేచినప్పుడు గుప్పెడు పూలు రాత్రి నీటిలో నానవేసి, ఉదయం ఆ పసుపుపచ్చని నీటితో స్నానం చేయించేది. దారి వెడల్పు చేసినప్పుడు ఆ చెట్టు పోయినది. అంగడిలో దొరికే పూలు ఏనాటివో తెలియదని అమ్మ వాటిని కొననిచ్చేది కాదు.

2013 తొలకరికి మాచర్ల వైపు నుండి బంధువు ఒకరు కాయలు తెచ్చి ఇచ్చారు. మోదుగ కాయ పలుచగా, రేకువలె ఉంటుంది. దాని కొసన ఒకే ఒక గింజ. ఆ ఏటి గింజనే నాటవలెను, పాతబడితే మొలవదు. తల్లివేరు లోతుకు దిగే జాతి గనుక సంచిలో పెంచి మార్చడం కంటె నిలిచే చోటనే విత్తడం మేలు. నల్లరేగడి అయినా, చౌడు అయినా దీనికి అభ్యంతరం లేదు. రెండు వారాలలో మొలక వచ్చినది. మూడేసి ఆకుల రెమ్మలు చూసి సంతోషించాము.

మరుసటి వేసవికి కాండం నిలువునా ఎండిపోయినది. చచ్చినదనుకొని గునపం తీసుకొని తవ్వబోయాను. అమ్మ వారించినది. “వానలు పడనీరా, అప్పుడు చూద్దాం” అన్నది. ఆషాఢంలో మొదలు నుండి కొత్త చిగురు లేచినది. పై ఏడు కూడ అదే తంతు. తొలి సంవత్సరాలలో మోదుగ తన శక్తినంతా వేరుకే పెడుతుంది. పైన ఎండినా క్రింద బలపడుతూనే ఉంటుంది. అమెరికాలో ఉన్న మా మేనల్లుడు అక్కడ వసంతంలో పూచే అడవి జాతి పియోనీలను గింజల నుండి పెంచుతున్నాడు. వాటికీ ముందు వేరు, తరువాతి వసంతానికి గాని ఆకు రాదట, పువ్వుకు నాలుగైదేళ్ళు. మన హిమాలయాలలోనూ ఒక పియోనీ ఉన్నది. యునానీ మందుల అంగళ్ళలో ‘ఊద్ సలీబ్’ అని అమ్మే వేరు పియోనీదే. “మామయ్యా, అక్కడ నాటకూడదా?” అని అడిగాడు. గట్టి చలి తగలనిదే అది మొగ్గ తొడగదు, మన రోహిణి ఎండలకు నిలువదు. మన ఓపిక మోదుగ మీద చూపితే చాలునని వ్రాశాను.

2024 ఫిబ్రవరిలో మా చెట్టు మొదటిసారి మొగ్గ తొడిగినది. అప్పటికి అమ్మకు 81 ఏళ్ళు, చూపు మందగించినది. కొమ్మ వంచి చేతికి అందిస్తే నల్లని మఖమలు వంటి మొగ్గల తొడిమలను వ్రేళ్ళతో తడిమి, “ఇదేరా” అన్నది. పువ్వుకు వాసన లేదు. అయినా తెల్లవారకముందే తేనెపిట్టలు, గోరింకలు వచ్చి వాలేవి. ఉడుతలు సైతం తేనె కోసం కొమ్మలు పట్టుకు వ్రేలాడేవి.

రాలిన పూలను అమ్మ పాత పద్ధతిలోనే ఆరబెట్టించినది. గోరువెచ్చగా ఉడికించిన ఈ పూలను పొత్తికడుపుపై కట్టుగా వేస్తే మూత్రం సాఫీగా వస్తుందని పెద్దల అనుభవం. అయితే మూత్రం పూర్తిగా బిగిసినప్పుడు, ముఖ్యంగా వయసు మీరిన పురుషులలో, కట్టుతో కాలక్షేపం చేయక వెంటనే వైద్యుని వద్దకు వెళ్ళవలెను.

కాయలు పండిన తరువాత అమ్మ ఒక్క మాటే అన్నది: “గింజలు ఇంట్లోకి తేవద్దు.” అందుకు కారణం నేనే. 1998లో మా అమ్మాయికి అయిదేళ్ళు. నులిపురుగుల బాధ పడుతుంటే, పలాశబీజం క్రిమిహరమని చదివి ఉన్నందున, గింజలు దంచి బెల్లంతో చెంచాడు పొడి తినిపించాను. కొలత లేదు, ఎవరినీ అడగలేదు. గంట తిరగకుండానే వాంతులు, కడుపులో మెలిపెట్టే నొప్పి. రాత్రంతా ఆసుపత్రిలో సెలైను ఎక్కించారు. ఆ రాత్రి అమ్మ నన్ను ఒక్క మాట కూడ అనలేదు. అనినా బాగుండేది.

పలాశబీజానికి ఆ గుణం లేదని నేననను. క్రిమిముద్గర రసం వంటి ఔషధాలలో అది చేరుతుంది. అందులోని పలాసోనిన్ అనే పదార్థానికి క్రిములను హరించే శక్తి ఉన్నట్లు ఆధునికులు కూడ గుర్తించారు. కాని మోతాదు మించితే అదే విషం. పసిపిల్లలకు, గర్భిణులకు, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఇంటి వైద్యంగా ఇవ్వనే కూడదు. 2015 నుండి ఫిబ్రవరి 10న జాతీయ నులిపురుగుల నివారణ దినం జరుపుతూ బడులలో, అంగన్‌వాడీలలో ఉచితంగా ఆల్బెండజోల్ మాత్ర ఇస్తున్నారు. సరిగ్గా మోదుగ మొగ్గ తొడిగే రోజులవి. పిల్లలకు ఆ మాత్ర వేయించండి. అందుకే ఈ వ్యాసంలో గింజల మోతాదు వ్రాయడం లేదు. దయచేసి ఉత్తరం వ్రాసి అడగవద్దు.

గింజలను మాత్రం నేను పారవేయలేదు. ప్రహరీ వెంట మూడు చోట్ల విత్తాను. మూడూ మొలిచినవి. ఈ వేసవిలో ఒకటి నిలువునా ఎండిపోయినది. తవ్వలేదు.