చిన్న తల, చూపు లోపం: తల్లి తప్పు కాదు

బిడ్డ తల వయసుకు తగ్గట్టు పెరగకపోతే మన ఇళ్ళల్లో మొదట నింద పడేది తల్లి మీదే. గ్రహణం చూసిందనీ, దిష్టి తగిలిందనీ అంటారు. అసలు కారణాలేమిటో ఇక్కడ వివరిస్తున్నాము.

నెలలు నిండి పుట్టిన బిడ్డ తల చుట్టుకొలత సుమారు 35 సెంటీమీటర్లు ఉంటుంది. అంతకంటే బాగా తక్కువైతే వైద్యులు దాన్ని మైక్రోసెఫలీ అంటారు. పుర్రె ముందే మూసుకుపోయి మెదడును ఆపేసిందని చాలామంది అనుకుంటారు. ఎక్కువమందిలో జరిగేది వేరు. మెదడు పెరగలేదు గనుక పుర్రె పెరగలేదు.

గర్భంలో మెదడు కణాలు ఒకటి రెండై, రెండు నాలుగై పెరుగుతాయి. ఈ విభజనకు తోడ్పడే జన్యువుల్లో ఏఎస్‌పీఎం, డబ్ల్యూడీఆర్62 ముఖ్యమైనవి. అవి దెబ్బతింటే నాడీకణాలు తక్కువగా తయారవుతాయి. ఏఎస్‌పీఎం లోపాన్ని 2002లో గుర్తించిన పరిశోధనలో పాకిస్తాన్ మూలాలున్న కుటుంబాలు పాలుపంచుకున్నాయి. పీఎల్‌కే4, టీయూబీజీసీపీ6 జన్యువులు చెడితే తలతో పాటు కంటి వెనుక ఉండే రెటీనా పొర కూడా దెబ్బతింటుంది. కొందరికి కనుగుడ్డే చిన్నదిగా ఉంటుంది.

ఈ నాలుగింటిలో ఏదైనా, చెడిన జన్యువు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చేరితేనే జబ్బు వస్తుంది. ఒక్కటే ఉన్న తల్లిదండ్రులు ఆరోగ్యంగానే ఉంటారు. అలాంటి దంపతులకు ప్రతి కాన్పులోనూ నాలుగింట ఒక వంతు ప్రమాదం ఉంటుంది. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక రాదనుకోవడం పొరపాటు. కేఐఎఫ్11 జన్యువు విషయం వేరు. అది ఒక్కటి చెడినా చాలు. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే పాదాల వాపు కూడా ఉంటుంది.

చిన్నాన్న, మేనత్త, మేనమామ, పిన్ని పిల్లలతో మనకు సుమారు ఎనిమిదో వంతు జన్యువులు ఉమ్మడిగా ఉంటాయి. బ్రిటన్‌లోని బ్రాడ్‌ఫర్డ్‌లో జరిగి 2013లో వెలువడిన అధ్యయనం ప్రకారం, ఇలాంటి పెళ్ళిళ్ళలో పుట్టుక లోపాల ప్రమాదం 3 శాతం నుంచి 6 శాతానికి పెరుగుతుంది. అంటే ఎక్కువమంది పిల్లలు ఆరోగ్యంగానే పుడతారు. అయినా ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే, మళ్ళీ దగ్గరి సంబంధం ఖాయం చేసే ముందు జన్యు వైద్యులను కలవాలని మా మనవి. మేనరికం చేసుకునే ఇరుగుపొరుగు కుటుంబాలకూ ఇదే వర్తిస్తుంది.

గర్భిణికి రుబెల్లా సోకినా తల, కళ్ళు దెబ్బతినవచ్చు. అందుకే పరీక్షలు లేకుండా కారణం తేల్చకూడదు. రెటీనాను కంటి వైద్యులకు తప్పక చూపించాలి. హైదరాబాద్‌లో నిమ్స్ జన్యు విభాగం, సీడీఎఫ్‌డీ ఉన్నాయి. ఏ జన్యువో తేలితే తర్వాతి గర్భంలో ముందుగానే పరీక్షించవచ్చు.

మెదడును పెద్దది చేసే మందు లేదు. కానీ మూర్ఛకు మందులు, అవసరమైన వారికి కళ్ళద్దాలు, ఫిజియోథెరపీ, తగిన చదువు ఉన్నాయి. ఎంత తొందరగా మొదలుపెడితే బిడ్డకు అంత మేలు.