ఈకలతో చేసిన ‘పురుగు’కు ట్రౌట్ చిక్కుతుందా? తీర్థన్ నదిలో అసలు సవాల్ ఇదే..

వానపాము ఉండదు, పిండి ఉండ ఉండదు. కొక్కేనికి ఈకలు, దారం చుట్టి చేసిన పురుగు బొమ్మతోనే చేపను పట్టాలి. ఇదే ఫ్లై ఫిషింగ్. హిమాచల్ ప్రదేశ్ కులు జిల్లాలోని తీర్థన్ నది దీనికి బాగా ఫేమస్. బ్రిటిష్ కాలంలో తెచ్చి వదిలిన యూరప్ చేప బ్రౌన్ ట్రౌట్ ఇక్కడ దొరుకుతుంది.

మరి ఎందుకంత కష్టం?

* ఫ్లైకి బరువే ఉండదు. లావుపాటి లైన్ బరువుతోనే దాన్ని విసరాలి.
* నీళ్లు అద్దంలా ఉంటాయి. ట్రౌట్ ప్రవాహానికి ఎదురుగా తల పెట్టి, కొట్టుకొచ్చే పురుగుల కోసం కాచుకుంటుంది. ఎగువ నుంచి వెళ్తే మనల్ని చూసేస్తుంది. అందుకే దిగువ నుంచి, దాని వెనకగా వెళ్లాలి.
* నది మధ్యలో వడి ఎక్కువ, బండల చాటున తక్కువ. మధ్యలో వడి లైన్‌ను లాగితే ఫ్లై కూడా ఈడ్చుకుపోతుంది. నిజం పురుగు అలా పోదు కదా! ట్రౌట్ ఇక ముట్టదు. అందుకే లైన్ నీళ్లమీద పడగానే ఎత్తి ఎగువకు మళ్లిస్తారు. దీన్నే మెండింగ్ అంటారు.

వెళ్లేముందు ఇవి తెలుసుకోండి

మత్స్యశాఖ లైసెన్స్ తప్పనిసరి. నవంబర్ 1 నుంచి ఫిబ్రవరి చివరి వరకు ట్రౌట్ వేట నిషేధం. అవి గుడ్లు పెట్టే రోజులు. పట్టి వదిలేస్తున్నారా? ముందు చేతులు తడుపుకోండి. పొడి చేతులతో పట్టుకుంటే ఒంటిమీది జిగురు పొర ఊడిపోతుంది. ఇన్ఫెక్షన్ సోకి, వదిలేసిన చేప కూడా తర్వాత చచ్చిపోవచ్చు.