సూర్యరశ్మియు, నీరును, గుల్లపొడియు

నీటియందు ఉదజని, ప్రాణవాయువు అను రెండు వాయువులు కలసియున్నవని మీలో పెక్కురు చదివియుందురు. ఉదజనిని మండించిన పొగ రాదు. వేడిమి పుట్టి, తిరిగి నీరే మిగులును. ఇంతకంటె శుభ్రమైన వంటచెఱకు దొరకదు. కాని నీటినుండి దానిని విడదీయుటకు శక్తి కావలయును. ఆ శక్తిని నేరుగా ఎండనుండియే తీసికొనరాదా?

తీసికొనవచ్చునని జపాను శాస్త్రజ్ఞులగు ఫుజిషిమా, హోండా 1972లో ప్రకటించిరి. తెల్లరంగులలో వాడెడి టైటానియం డయాక్సైడు ఫలకమును, ప్లాటినం ఫలకమును తీగతో కలిపి నీటిలోనుంచి, మొదటిదానిపై కాంతి పడనీయగా నీరు విడిపోయెను. అయితే ఆ పదార్థమునకు అతినీలలోహిత కిరణములే పనికివచ్చును. ఎండలోని శక్తిలో అవి నూటికి సుమారు 5 పాళ్లు మాత్రమే.

కర్బన నత్రజనులతో నేర్పడిన పసుపుపచ్చని పొడియొకటి, కంటికి కనబడు వెలుతురుతోనే నీటినుండి ఉదజనిని పుట్టించునని 2009లో తెలియవచ్చెను. మనము పొలములకు చల్లు యూరియాను మూతపెట్టి 500 డిగ్రీలకు పైగా కాల్చియు దీనిని చేయవచ్చును. (ఇంటివద్ద ప్రయత్నింపవలదు, ఘాటైన అమోనియా వెలువడును.)

కాంతి తగిలినపుడు ఈ పొడిలో ఎలక్ట్రాను అను విద్యుత్కణము తన చోటు విడిచి లేచును. వెనుక ఖాళీ యేర్పడును. ఎలక్ట్రాను పొడియొక్క అంచునకు చేరి నీటిని తాకిననే ఉదజని పుట్టును. దారి దూరమైనచో నడుమనే ఖాళీలో పడిపోవును. శక్తి వట్టి వేడిమియై పోవును. కావున ముద్దగా నున్న పదార్థముకంటె, పలుచని గోడలు గల గుల్లపదార్థము మేలు.

ఇటుకలు చేయువారు మట్టిలో ఊక కలుపుదురు గదా. ఆవములో ఊక కాలిపోయి, దాని చోట రంధ్రములు మిగులును. ఇచ్చటను అదే యుక్తి. మిల్లీమీటరులో సుమారు లక్షవ వంతు గల సిలికా రేణువులను కలిపి కాల్చి, పిమ్మట సిలికాను రసాయనముతో కరగించి తీసివేయుదురు. తగిన రంధ్రము లేర్పడినపుడు దిగుబడి సుమారు పదిరెట్లు పెరిగెను. తగిన యను మాటను గమనింపుడు. రంధ్రములు మితిమీరినచో అణువుల వరుస చెడును. చెడిన చోటులనే ఎలక్ట్రానులు చిక్కుకొనును. ఈ కొలతను కుదుర్చుటలోనే కష్టమంతయు నున్నది. మఱియొక సంగతి దాచరాదు: ఆ ప్రయోగములో కొంచెము ప్లాటినమును చేర్చిరి, నీటిలో కలిపిన వేఱొక ద్రవ్యము ఖర్చయ్యెను. అది వట్టి నీటి ఫలము కాదు.

వట్టి నీటితో ఆరుబయట చేసిన పెద్ద ప్రయత్నము జపానులోనిది. 2021లో వెల్లడియైన దాని వివరములనుబట్టి, స్ట్రాన్షియం టైటనేటు పూసిన పలకలను 100 చదరపు మీటర్ల మేర పరచిరి. వాయువులు రెండును కలిసియే వెలువడెను. నిప్పురవ్వ తగిలిన ప్రేలు మిశ్రమ మది! దానిని పలుచని పొరగుండ పోనిచ్చి ఉదజనిని వేఱుచేసిరి. కొన్ని నెలలు ప్రమాదము లేక నడచినది. అయినను ఎండశక్తిలో ఉదజనిగా మాఱినది, మిక్కిలి మంచి సమయమున, నూటికి 0.76 పాలు మాత్రమే. ఏలయన ఆ పదార్థమునకును అతినీలలోహిత కిరణములే కావలయును.