గోపాల్‌పూర్‌లో రెండ్రోజులు.. ఒడ్డంతా మన మాటే!

బరంపురం: ఇరవై ఏడేళ్లుగా తెల్లవారుజామున నాలుగింటికి పొయ్యి వెలిగించడమే వాళ్లకు తెలిసిన పని. పర్లాకిమిడి బజారులో చిన్న టిఫిన్ హోటల్. ఆయన దోసెలు పోస్తారు. ఆవిడ చట్నీలు, సాంబారు, గల్లాపెట్టె చూసుకుంటారు. కూతురికి పెళ్లయింది. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే కొడుకు ‘హోటల్ అమ్మేసి వచ్చేయండి’ అని ఏడాదిగా పోరుతున్నాడు. బేరం కూడా వచ్చింది. అడ్వాన్సు పుచ్చుకునే ముందు ఎక్కడికైనా వెళ్లి ఇద్దరమే కూర్చుని మాట్లాడుకుందామన్నది ఆవిడ ఆలోచన. హోటల్లో ఆ సందెక్కడుంది? మాఘమాసంలో ఓ శనివారం తలుపుకు తాళం వేసి గోపాల్‌పూర్ బయల్దేరారు.

సముద్రం వాళ్లు చూడనిది కాదు. ఊరి పక్కన పారే మహేంద్రతనయ వెళ్లి కడలిలో కలిసేది బారువ దగ్గరే. అయితే బారువ వెళ్లిందల్లా పుణ్యస్నానానికో, పెద్దవాళ్ల అస్థికలు కలపడానికో. ఊరికే కూర్చుని అలలు చూడ్డానికి వెళ్లడం మాత్రం ఇదే మొదలు. ‘తల తడవకుండా సముద్రం నుంచి వస్తే పాపమేటో’ అని ఆవిడ దారంతా నవ్వారట.

ఒడియాలో అడిగితే..

నౌపడ మీదుగా రైల్లో బరంపురం, అక్కణ్నుంచి బస్సులో గోపాల్‌పూర్. 1914లో ఇటలీ దేశస్థుడొకరు కట్టించిన పామ్ బీచ్ హోటల్ ఇక్కడ పేరున్నది. ఆ గోడ పక్కనుంచే నడిచి వెనక వీధిలో చిన్న లాడ్జిలో దిగారు. అలవాటు ఎక్కడికి పోతుంది? మర్నాడు నాలుగింటికే ఇద్దరికీ మెలకువ వచ్చేసింది. వెలిగించడానికి పొయ్యి లేదు. ఒడ్డుకు నడిచారు.

తెల్లారేసరికి పడవలు ఒక్కొక్కటే ఇసుకెక్కాయి. వలల్లోంచి చేపలు దులిపి, పోగులు పెట్టి అమ్ముతున్నారు. ఆయన ఓ పెద్దావిడ ముందు నిలబడి ‘మాఛొ కేతే?’ అని ఒడియాలో ధర అడిగారు. ఆవిడ ఎగాదిగా చూసి ‘ఏ ఊరు బాబూ మీది? మన మాట రాదేటి?’ అంది. పర్లాకిమిడి అంటే వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు. ఆ ఊరాయనకు మన మాట రాదేటి అని అడిగించుకోవలసి వచ్చింది!

తరాల కిందట శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వేట కోసం ఉత్తరానికి జరుగుతూ వచ్చిన కుటుంబాలివి. ఒడియావాళ్లు ‘నోలియా’లంటారు. పూరీలో పెంటకోట ఉన్నది కూడా వీళ్లవాళ్లతోనే. అక్కడ యాత్రికులు అలల్లో కొట్టుకుపోకుండా చేయి పట్టుకునేది నోలియాలే. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను తీరం దాటింది ఈ గోపాల్‌పూర్ దగ్గరే. గాలి తగ్గాక మళ్లీ ఇదే ఇసుకలో పాకలు లేచాయి.

చేపలావిడ కొడుకు ఇప్పుడు ఇక్కడ లేడు. చెన్నై బోట్ల మీద పనికెళ్లాడు. మనవలు చదివేది ఒడియా బడిలో. ఇంట్లో తెలుగు మాట్లాడతారు గానీ తెలుగులో పేరు రాయమంటే రాయలేరు. ‘ఆడు రమ్మంతాడమ్మా. నానెల్లను’ అంది. ఎందుకని హోటలావిడ అడిగారు. ‘ఎల్లి ఏటి చేసీది? ఇక్కడ నాను ఇంతమందికి తెలుసు. అక్కడ నాను ఎవుర్ని?’

ఆ మాట దగ్గర ఇద్దరూ కాసేపు మాట్లాడలేదట.

రంగూన్ పడవ

ఆయనకు ఈ రేవుతో ఇంకో లెక్క ఉంది. వాళ్ల తాత స్టీమరెక్కి రంగూన్ బియ్యం మిల్లుకు వెళ్లింది ఇక్కణ్నుంచే. ఉత్తరాంధ్ర, గంజాం జనానికి బర్మా ఒకప్పుడు పొట్టకూటి దేశం. 1941 డిసెంబరులో రంగూన్‌పై జపాన్ బాంబులు పడ్డాక లక్షలాదిమంది ఇంటిదారి పట్టారు. చాలామందిది కాలినడకే. తాతా అలా నడిచొచ్చినవాడే. వచ్చాక మళ్లీ ఊరు దాటలేదని ఇంట్లో చెప్పుకొంటారు. ఒడ్డున మిగిలిన పాత జెట్టీ స్తంభాల దగ్గర మనవడు చాలాసేపు నిలబడ్డారు. ఫొటో తియ్యమంటే ఆవిడ ముందు ప్లాస్టిక్ సంచులు, సీసాలు కాలితో పక్కకు నెట్టాల్సి వచ్చింది. ఇంత చరిత్ర ఉన్నచోట చెత్తబుట్టలు చాలినన్ని పెట్టడం పెద్ద ఖర్చేం కాదు.

మాట్లాడుకోవాల్సింది ఆ సాయంత్రం లైట్‌హౌస్ వెలుగు తిరుగుతుండగా మాట్లాడుకున్నారు. సగమే తెగింది. అడ్వాన్సు పుచ్చుకోకూడదు. మంగళవారం మంగళవారం హోటల్ మూసెయ్యాలి. దసరాకు హైదరాబాద్ వెళ్లి పదిరోజులుండాలి. ఆవిడ మోకాళ్ల నొప్పికి రుబ్బు పని ఎవరికప్పగించాలన్నది మాత్రం తేలలేదు. జీతానికి మనిషిని పెడదామని ఆయన, పిండి పాడుచేస్తారని ఆవిడ. తిరుగు రైలెక్కే దాకా అదే గొడవ.

ఇలా వెళ్లొచ్చు: బరంపురం నుంచి గోపాల్‌పూర్ సుమారు 16 కి.మీ. బస్సులు, ఆటోలు ఉంటాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం హాయిగా ఉంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. ఇక్కడి అలలకు లోపలికి లాగే గుణం ఎక్కువ, మోకాళ్ల లోతు దాటకపోవడం మంచిది. ఋషికుల్య నది కడలిలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు సాధారణంగా ఫిబ్రవరి, మార్చిల్లో గుంపులుగా గుడ్లు పెట్టడానికి వస్తాయి. కొన్నేళ్లు రాకపోవడమూ ఉంది. కాబట్టి బరంపురంలో వాకబు చేసుకుని వెళ్లాలి. వచ్చేటప్పుడు బరంపురం అప్పడాలు, పచ్చళ్లు ఎలాగూ కొంటారు. ఎండుచేపలు కొంటే మాత్రం గట్టిగా మూట కట్టించుకోండి. ఈ దంపతుల సంచి వాసనకు రైల్లో పక్క సీటువాళ్లు నౌపడ దాకా కిటికీ వెయ్యనివ్వలేదట.