కాగితం లేకుండానే ‘పేపర్ జామ్’! ప్రింటర్ మొండికేస్తే సర్వీస్ సెంటర్ కంటే ముందు ఇవి చూడండి

పోయిన జూలైలో ఒక శనివారం రాత్రి హనుమకొండ నుంచి మా బావ ఫోన్ చేశాడు. అక్కడ ఓ కాలేజీ పక్కన ఆయనకి చిన్న నెట్ సెంటర్ ఉంది. ఒక డెస్క్‌టాప్, ఒక ల్యామినేషన్ మెషిన్, ఒక ఇంక్ ట్యాంక్ ఆల్ ఇన్ వన్ ప్రింటర్.. అంతే షాపు. అడ్మిషన్ల సీజన్ కదా, సర్టిఫికెట్ల స్కానింగ్‌కి పిల్లలు లైన్ కట్టే రోజులు. సరిగ్గా అప్పుడే ప్రింటర్ మొరాయించింది.

“లోపల కాగితమే లేదురా, అయినా పేపర్ జామ్ అంటాంది. అంతకుముందు ఒకటి తియ్యమంటే మూడు గుంజుతుండె. స్కాన్ చేస్తే ప్రతి పేజీ మీద నిలువు గీత. ఇగ నిన్నటి సంది కంప్యూటర్‌కి స్కానరే దొర్కుతలేదు” అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. సర్వీస్ అతను వచ్చి చూసి, పేపర్ ఫీడ్ అసెంబ్లీ మొత్తం మార్చాలి, 4,800 అవుతుంది, స్కానర్ సంగతి తర్వాత చూద్దాం అన్నాడట. “దీన్ని తీసేసి కొత్తది ఈఎంఐలో తీసుకుందునా?” అని బావ డౌట్.

ఆదివారం పొద్దున్నే బస్సెక్కాను. సాయంత్రానికి ప్రింటర్ నడిచింది. నేను కొన్నది ఒక మైక్రోఫైబర్ క్లాత్ మాత్రమే. నేనేదో మెకానిక్‌ని అని కాదు. ఈ మెషిన్ ‘జామ్’ అని ఎందుకంటుందో తెలిస్తే సగం పని అయిపోతుంది.

ముందు ఒక విషయం. ప్రింటర్‌కి కాగితం కనిపించదు. కాగితం వెళ్లే దారిలో ఒకటి రెండు చోట్ల అగ్గిపుల్లంత ప్లాస్టిక్ లివర్లు ఉంటాయి. వాటిని ఫ్లాగ్ అంటారు. కాగితం వచ్చి తగిలితే ఫ్లాగ్ పక్కకి వాలుతుంది, దాని వెనకున్న ఆప్టికల్ సెన్సర్‌లో లైట్ కట్ అవుతుంది లేదా తెరుచుకుంటుంది. మెషిన్‌కి తెలిసేది అంతే. మోటార్ ఇంత తిరిగేలోపు కాగితం అంచు ఫ్లాగ్ దగ్గరికి రావాలి, ఇంత తిరిగాక ఫ్లాగ్ మళ్లీ పైకి లేవాలి. ఈ లెక్క తప్పితే ‘జామ్’ అనో ‘పేపర్ అయిపోయింది’ అనో మెసేజ్ వేస్తుంది. అంటే ట్రే నిండా కాగితాలున్నా, రోలర్ జారి కాగితం లేటుగా వస్తే పేపర్ లేదనే అంటుంది. లోపల ఏమీ లేకపోయినా, ఫ్లాగ్ కిందకి వాలిపోయి ఉంటే జామ్ అయిందనే అంటుంది. అందుకే స్క్రీన్ మీద మెసేజ్‌ని నమ్మేసి పార్టులు మార్చడం మొదలుపెట్టకండి.

బావ ప్రింటర్‌లో నేను మొదట చూసింది ప్రింటర్‌ని కాదు, కాగితాన్ని. వెనక నిలువుగా పెట్టే ట్రే అది, మూత లేదు. షాపు షట్టర్ పక్కనే టేబుల్. వారం రోజుల ముసురు. ట్రేలో ఉన్న బొత్తి చేత్తో పట్టుకుంటేనే తెలిసిపోయింది, మెత్తబడి అంచులు అలలుగా తిరిగాయి. కాగితం గాల్లో తేమని పీల్చుకుంటుంది. తేమెక్కిన కాగితాలు ఒకదానికొకటి అతుక్కుంటాయి, అప్పుడు రోలర్ ఒకటి లాగబోతే రెండు మూడు కలిసి వస్తాయి. ముడుచుకున్న అంచు దారిలో తట్టుకుంటే జామ్ ఖాయం. వానాకాలంలో వచ్చే ఫీడ్ కంప్లయింట్లలో చాలావాటికి మందు ఇక్కడే ఉంటుందని నా అభిప్రాయం.

ఆ బొత్తి పక్కన పెట్టి, అప్పుడే విప్పిన కొత్త రీమ్ నుంచి ఓ ముప్పై షీట్లు తీసుకున్నాం. పేకముక్కలు విదిల్చినట్టు నాలుగు అంచులూ విదిల్చి, టేబుల్ మీద తట్టి సమం చేసి పెట్టాం. సైడ్ గైడ్ కాగితానికి ఆనీ ఆననట్టు ఉండాలి. వదులుగా ఉంటే కాగితం వంకరగా వెళ్తుంది, మరీ బిగిస్తే రోలర్ లాగలేదు. ట్రే మీద గీతో బాణమో ఉంటుంది, ఆ పైకి కాగితాలు కుక్కొద్దు. ఇంకో పొరపాటు చాలామంది చేస్తారు. ఒకవైపు ప్రింట్ అయిన పాత కాగితాలని రెండోవైపు వాడేస్తారు. పొదుపే, కాదనను. కానీ స్టేప్లర్ పిన్ తీసిన చిల్లులు, మడతపడ్డ మూలలు అన్నీ రోలర్ కిందకే వెళ్తాయి.

కాగితం మార్చగానే మూడేసి రావడం ఆగింది. కానీ పది సార్లలో నాలుగు సార్లు రోలర్ తిరుగుతోంది గానీ కాగితం కదలట్లేదు. ఇది రోలర్ పని. పికప్ రోలర్ అంటే రబ్బరు తొడుగున్న చిన్న చక్రం. కాగితం నుంచి రాలే సన్నని పొడి దాని మీద పేరుకుని రబ్బరు నున్నగా మెరుస్తుంది. పట్టు పోతుంది. ప్రింటర్ ఆఫ్ చేసి, ప్లగ్ తీసి, నూగు రాలని గుడ్డని నీళ్లలో తడిపి గట్టిగా పిండి, రోలర్‌ని వేలితో తిప్పుతూ చుట్టూ తుడవాలి. మా గుడ్డ మొదటి తుడుపుకే బూడిద రంగులోకి మారింది. పెట్రోల్, థిన్నర్ లాంటివి అస్సలు వద్దు, రబ్బరు పాడవుతుంది. రోలర్‌కి ఎదురుగా చిన్న ప్యాడ్ లాంటిది ఉంటుంది. రెండో కాగితాన్ని ఆపే సెపరేషన్ ప్యాడ్ అదే, దాన్నీ తుడవండి. పూర్తిగా ఆరాకే ప్లగ్ పెట్టాలి. తుడిచిన వారానికే మళ్లీ జారుతుంటే మాత్రం రబ్బరు అరిగిందని అర్థం. చాలా మోడల్స్‌కి రోలర్, ప్యాడ్ విడిగా దొరుకుతాయి, మొత్తం అసెంబ్లీ అక్కర్లేదు. సర్వీస్ అతను పెద్ద పార్టు పేరు చెబితే, ముందు ఈ రెండింటి సంగతి అడగండి.

ఇక అసలు దెయ్యం.. కాగితం లేని జామ్. ఆన్ చేయగానే ఎర్ర లైట్. వెనక కవర్ తీసి ఫోన్ టార్చ్ వేసి చూస్తే ఏమీ కనపడలేదు. బావ అప్పటికే నాలుగుసార్లు చూశానన్నాడు. మామూలుగా అందరూ ఎదురుగా చూస్తారు. టార్చ్‌ని పక్క నుంచి, దాదాపు పడుకోబెట్టి వేస్తే చిన్నవాటికి కూడా నీడ పడుతుంది. అలా వేస్తే ఫ్లాగ్ పక్కన వేలిగోరంత తెల్లటి ముక్క కనిపించింది. స్టిక్కర్ షీట్ నుంచి ఊడిన లేబుల్ మూల! ఆ జిగురు ఫ్లాగ్‌ని పట్టేసి లేవనివ్వట్లేదు. ట్వీజర్స్‌తో తీయగానే ఫ్లాగ్ టప్‌మని పైకి లేచింది. 4,800 రూపాయల శబ్దం అది.

నిజంగా కాగితం ఇరుక్కుంటే మాత్రం తొందరపడొద్దు. అది వెళ్తున్న దిశలోనే, రెండు చేతులతో, మెల్లగా లాగాలి. వెనక్కి గుంజితే చిరుగుతుంది, చిరిగిన ముక్క లోపలుండి ఫ్లాగ్‌ని పట్టుకుంటుంది. బయటికొచ్చిన కాగితానికి నాలుగు మూలలూ ఉన్నాయో లేదో చూసుకోండి, లేకపోతే ఇంకో ముక్క లోపలే ఉంది. ఇంక్‌జెట్ లోపల హెడ్ వెనకగా అడ్డంగా సాగే సన్నటి పారదర్శక పట్టీ ఉంటుంది. హెడ్ ఎక్కడుందో మెషిన్‌కి చెప్పేది అదే, దాని మీద చెయ్యి పెట్టకండి. ఇంక్ ట్యాంక్ ప్రింటర్‌ని తలకిందులు చేసి దులిపే ఐడియా ఎవరికైనా వస్తే, వద్దు ప్లీజ్. లేజర్ అయితే ఫ్యూజర్ బాగా కాలుతుంది, ఆఫ్ చేసి చల్లారనివ్వాలి.

స్కానర్ దగ్గరికి వద్దాం. ఇక్కడ నా పద్ధతి ఒక్కటే. కంప్యూటర్‌ని మర్చిపోయి, ప్రింటర్ మీదున్న కాపీ బటన్ నొక్కండి. మనవాళ్ల భాషలో చెప్పాలంటే ఒక జిరాక్స్ తీయండి. గ్లాస్ మీద పెట్టి ఒకటి, పైనుంచి కాగితాలు తనంతట తానే లాక్కునే ఏడీఎఫ్‌లో పెట్టి ఒకటి. బావ దగ్గర గ్లాస్ కాపీ శుభ్రంగా వచ్చింది, ఏడీఎఫ్ కాపీలో మాత్రం గీత. అంటే స్కానర్ పాడవలేదు.

ఏడీఎఫ్‌లో ఏం జరుగుతుందంటే, కాగితం కదులుతుంది, స్కానర్ సెన్సర్ ఒకేచోట ఆగి చూస్తుంది. అది చూసేది పెద్ద గ్లాస్ నుంచి కాదు, పక్కనే ఉండే వేలి వెడల్పు గ్లాస్ పట్టీ నుంచి. ఆ పట్టీ మీద ఆవగింజంత మచ్చ ఉన్నా, కాగితం మొత్తం దాని మీదుగా వెళ్తుంది కాబట్టి పేజీ పొడవునా గీతగా మారుతుంది. అదే మచ్చ పెద్ద గ్లాస్ మీద ఉంటే చుక్కగానే కనిపించేది. చాలామంది పెద్ద గ్లాస్‌ని అద్దంలా తుడుస్తారు గానీ ఈ పట్టీ ఉందనే గమనించరు. బావ కూడా అంతే. గోరుతో తడిమితే చిన్న గరుకు తగిలింది. వైట్‌నర్! పిల్లలు అప్లికేషన్‌లో తప్పు దిద్ది, అది ఆరకముందే ఏడీఎఫ్‌లో పెట్టించారు. తడి గుడ్డ కాసేపు అద్ది ఉంచి, ప్లాస్టిక్ కార్డు అంచుతో మెల్లగా నెడితే ఊడొచ్చింది. బ్లేడ్ వాడితే గీత శాశ్వతం. లిక్విడ్ ఏదైనా గ్లాస్ మీద డైరెక్ట్‌గా కొట్టకండి, గుడ్డ మీద వేసుకోండి.

పాస్‌బుక్కుల్లో మధ్య మడత దగ్గర మసకగా వస్తోందని కూడా బావ అడిగాడు. అది రిపేరు కాదు. ఇళ్లలో వాడే మోడల్స్‌లో ఎక్కువగా ఉండే సీఐఎస్ సెన్సర్‌కి ఫోకస్ లోతు చాలా తక్కువ, గ్లాస్‌కి ఆనుకున్నదే స్పష్టంగా కనిపిస్తుంది. పుస్తకాన్ని నొక్కి పట్టుకోవడమే మార్గం.

మూడో గొడవ, కంప్యూటర్‌కి స్కానర్ దొరక్కపోవడం. కాపీ వస్తోంది, ప్రింట్ వెళ్తోంది, స్కాన్ మాత్రం లేదు. అడిగితే తెలిసింది, రెండు రోజుల క్రితం రౌటర్ మార్చారట. కొత్త రౌటర్ ప్రింటర్‌కి వేరే ఐపీ అడ్రస్ ఇచ్చింది, స్కాన్ సాఫ్ట్‌వేర్ ఇంకా పాత అడ్రస్‌నే పట్టుకుని కూర్చుంది. ప్రింట్, స్కాన్ రెండూ ఒకే డబ్బాలో ఉన్నా కంప్యూటర్ దృష్టిలో అవి వేర్వేరు పరికరాలు. అందుకే ఒకటి పనిచేసి ఇంకోటి చేయకపోవడం మామూలే. విండోస్ తనంతట తాను వేసుకునే డ్రైవర్‌తో చాలాసార్లు ప్రింట్ ఒక్కటే వస్తుంది. పాతది తీసేసి, కంపెనీ సైట్ నుంచి పూర్తి ప్యాకేజీ వేస్తే స్కానర్ కూడా కనిపిస్తుంది. విండోస్ సర్వీసుల్లో ‘విండోస్ ఇమేజ్ అక్విజిషన్’ రన్ అవుతోందా, నెట్‌వర్క్ ‘పబ్లిక్’ బదులు ‘ప్రైవేట్’లో ఉందా చూడండి. చాలా ప్రింటర్లు 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫై మాత్రమే పట్టుకుంటాయి, అదీ గుర్తుంచుకోండి. ఇంట్లో వాడేవాళ్లు రౌటర్‌లో ప్రింటర్‌కి ఒక అడ్రస్ రిజర్వ్ చేసేస్తే ఈ గొడవ మళ్లీ రాదు.

బావ షాపులో నేనివేమీ పూర్తిగా చేయలేదు. ప్రింటర్‌కీ కంప్యూటర్‌కీ మధ్య దూరం మూడడుగులు. డబ్బాలో పడున్న యూఎస్‌బీ కేబుల్ పెట్టి డ్రైవర్ వేశాను. రోజంతా పబ్లిక్ ఎదురుచూసే చోట వై-ఫై సోకు ఎందుకు?

సెట్టింగ్స్ దగ్గర ఇంకో తప్పు దొరికింది. క్లారిటీ కోసం అన్నీ 600 డీపీఐలో స్కాన్ చేస్తున్నాడు. ఏ4 పేజీని 300 డీపీఐలో తీస్తే 2480 బై 3508 పిక్సెల్స్, రంగుల్లో కంప్రెషన్ లేకుండా దాదాపు 26 ఎంబీ. 600కి వెళ్తే దానికి నాలుగు రెట్లు. తీసుకునేవాళ్లు కేబీల్లో అడుగుతుంటే, ముందు కొండంత ఫైల్ చేసి తర్వాత ఏదో ఆన్‌లైన్ సైట్‌లో పిండేస్తున్నాడు, అంకెలు అలుక్కుపోతున్నాయి. సర్టిఫికెట్లకి 300 చాలు, గ్రేస్కేల్ చాలు.

కంప్రెషన్‌ని తేలిగ్గా తీసుకోవద్దని చెప్పడానికి నాకు బాగా గుర్తుండే కథ ఒకటుంది. 2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ కంప్యూటర్ సైంటిస్ట్, ఒక ఇంటి ప్లాన్‌ని జిరాక్స్ కంపెనీ వర్క్‌సెంటర్ మెషిన్‌లో స్కాన్ చేస్తే గదుల కొలతలు మారిపోయాయని బయటపెట్టాడు. 14.13, 21.11, 17.42 చదరపు మీటర్లు ఉండాల్సిన మూడు గదులూ 14.13 అయ్యాయి. మసక కాదు, చక్కగా అచ్చేసినట్టు తప్పు అంకె! జేబిగ్2 అనే కంప్రెషన్ ఒకేలా ఉన్న ముక్కలని ఒకటిగా లెక్కేసి, ఒకదాని బొమ్మని ఇంకోచోట అతికించడమే కారణం. కంపెనీ తర్వాత ప్యాచ్ ఇచ్చింది. అప్పట్నుంచి హాల్‌టికెట్ నంబరు, మార్కులు ఉన్న స్కాన్ ఏదైనా అప్‌లోడ్‌కి ముందు ఒరిజినల్ పక్కన పెట్టి నేను అంకె అంకె చూస్తాను. సీటు పోతే ప్యాచ్ రాదు కదా.

సర్వీస్ సెంటర్ అసలే వద్దని నేననను. గేర్ పళ్లు విరిగిన కటకట శబ్దం, గ్లాస్ కాపీలోనే గీత రావడం, ఆన్ చేయగానే స్కానర్ బార్ గోడకి కొట్టుకోవడం.. ఇవి మనవల్ల అయ్యేవి కాదు. వారంటీలో ఉంటే స్క్రూ కూడా ముట్టుకోకండి.

తిరుగు బస్సు ఎక్కేముందు చూస్తే, బావ కాగితాల రీముని మూతున్న ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చేశాడు, వెనక ట్రే మీద పాత టవల్ కప్పాడు. ప్రింటర్ పైన గోడకి కొత్తగా ఒక ఏ4 కాగితం అంటించి ఉంది. దాని మీద స్కెచ్ పెన్నుతో పెద్ద అక్షరాలు: “వైట్‌నర్ ఆరినంకనే ఇయ్యగలరు.”