అనంతగిరి నుంచి గౌలిగూడ దాకా: మూసీ పరీవాహకంలో రాయి, నేల, సాగు

హైదరాబాదులో గౌలిగూడ వీధులు దక్షిణాన మూసీ గట్టున ముగుస్తాయి. 2025 సెప్టెంబరు 26 రాత్రి జంట జలాశయాల గేట్లు ఎత్తగా వచ్చిన నీరు అక్కడికి ఎదురుగా ఉన్న మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌ను ముంచెత్తింది. అంతకు 117 సంవత్సరాల ముందు, 1908 సెప్టెంబరు 28న, ఇదే తీరాన వేలాది ప్రాణాలు పోయాయి. అయితే ఏడాదిలో అధిక భాగం ఇక్కడ మూసీలో పారేది నగరపు మురుగునీరే. మామూలు సంవత్సరాల్లో చాలినంత నీరు తేలేని నది, ఒక్క రాత్రిలో వరద ఎట్లా తేగలుగుతున్నది? సమాధానం గౌలిగూడలో లేదు. పడమట దాదాపు 90 కిలోమీటర్ల దూరాన, వికారాబాదు సమీపంలోని అనంతగిరి కొండలలో మొదలవుతుంది.

రాయి స్వభావం

అనంతగిరి పైభాగాన లాటరైట్ పొర, దాని కింద సుమారు 6.6 కోట్ల సంవత్సరాల నాటి దక్కను బసాల్ట్ శిలలు ఉన్నాయి. లాటరైట్ రంధ్రాలతో కూడినది కనుక వర్షపు నీటిని త్వరగా పీల్చుకొంటుంది. కింది బసాల్ట్‌లో చిక్కని పొరలు ఆ నీటిని అడ్డగించగా, అది పక్కకు మళ్లి వాలులో ఊటగా బయటపడుతుంది. మన భాషలో దీనికి ‘బుగ్గ’ అని చక్కని పేరుంది. వికారాబాదు దగ్గరి బుగ్గ రామలింగేశ్వరాలయం ఆ పేరును నేటికీ నిలుపుకొన్నది.

తూర్పుకు, నగరం వైపు వచ్చేకొద్దీ బసాల్ట్ అంతమై సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైట్ మొదలవుతుంది. గట్టి గ్రానైట్‌లో నీటికి చోటు లేదు. పైనున్న శిథిల పొర, దాని కింది పగుళ్లు మాత్రమే భూగర్భ జలానికి ఆశ్రయం.

నేల తీరు

బసాల్ట్‌పై ఏర్పడిన నల్లరేగడిలో ఉబ్బే స్వభావం గల బంకమన్ను ఎక్కువ. వేసవిలో నెర్రెలు బారిన ఆ నేల తొలకరి వానలను మింగివేస్తుంది. ఆగస్టు, సెప్టెంబరు నాటికి నేల తడిసి ఉబ్బి, నెర్రెలు మూసుకొంటాయి. నీరు ఇంకే వేగం బాగా తగ్గుతుంది. ఆ తరువాత కురిసే భారీ వర్షంలో అధిక భాగం వాగుల పాలవుతుంది. మూసీ పెద్ద వరదలు సెప్టెంబరులో రావడానికి నేలలో ఉన్న ఒక కారణమిది. గ్రానైట్‌పై ఉన్న చల్క నేలల తీరు వేరు. నీరు సులభంగా ఇంకుతుంది గాని, కప్పులేని నేలపై వాన చినుకు తాకిడికి పెంకు కట్టి, ఒండ్రుతో కూడిన ప్రవాహాన్ని చెరువుకు పంపుతుంది.

ఒక చిన్న లెక్క

మూసీపై 1920లో పూర్తయిన ఉస్మాన్ సాగర్ నిల్వ సామర్థ్యం 3.9 టీఎంసీలు, పరీవాహక ప్రాంతం 738 చదరపు కిలోమీటర్లు. ఈసీపై 1927లో పూర్తయిన హిమాయత్ సాగర్ సామర్థ్యం 2.97 టీఎంసీలు, పరీవాహకం 1,311 చదరపు కిలోమీటర్లు. ఖాళీ ఉస్మాన్ సాగర్ నిండాలంటే పరీవాహకమంతటా సగటున 150 మి.మీ. నీరు చేరాలి, హిమాయత్ సాగర్‌కు 64 మి.మీ. చాలు. వార్షిక వర్షపాతం 800 మి.మీ. అనుకొంటే, మొదటి దానికి వానలో దాదాపు ఐదో వంతు కావాలి.

ఇప్పుడు బోరుబావుల వైపు చూద్దాం. శిథిల పొర నుంచి తోడుకోగల నీరు దాని ఘనపరిమాణంలో 2 శాతం అనుకొంటే, భూగర్భ నీటిమట్టం 10 మీటర్లు పడిపోయిన చోట 200 మి.మీ. ఖాళీ ఏర్పడుతుంది. మరుసటి వానాకాలం ముందు ఈ ఖాళీని పూడ్చాలి. నీటిమట్టం వాగు అడుగుకన్నా లోతుకు పోతే, వాగుకు ఊటనిచ్చే భూమే వాగు నీటిని తాగుతుంది. వర్షం తగ్గకపోయినా జలాశయానికి రాక తగ్గడానికి ఇది ఒక ముఖ్య కారణం. నంది కొండల్లో పుట్టే అర్కావతిపై బెంగళూరు నగరం కట్టుకొన్న తిప్పగొండనహళ్లి జలాశయానికీ ఇదే తీరున నీటి రాక క్షీణించింది.

అయితే ఈ ఖాళీ వరదకు రక్ష కాదు. గంటల వ్యవధిలో పడే కుండపోత, నేల ఇముడ్చుకొనే వేగాన్ని మించిపోతుంది. దానికి తోడు రోడ్లు, ప్లాట్లు, ఫాంహౌసుల ప్రహరీలు ఇంకే నేలను కప్పి, వాగు దారిని మళ్లిస్తున్నాయి. మామూలు ఏడు కొరత, తీవ్ర వర్షానికి వరద. రెండూ ఒకే పరీవాహకం నుంచి ఒకేసారి పెరగగలవు.

1908 నేర్పిన పాఠం

వరద కారణాలను పరిశీలించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య నగరానికి ఎగువన 788 చెరువులను లెక్కించారు. వాటిలో 221 తెగిపోయాయి. శంషాబాదులో ఒక్క రోజులో 12.8 అంగుళాల వాన కురిసింది. గొలుసుకట్టు చెరువులో పై కట్ట తెగితే ఆ నీరు కింది కట్టపై పడుతుంది. గొలుసు బలం అలుగుల్లో, కట్టల్లో ఉన్నది. అందువల్ల చెరువు పునరుద్ధరణ అంటే పూడికతీతతో ముగిసేది కాదు. అలుగు, తూము, ఒక చెరువు నుంచి మరొక చెరువుకు పోయే వాగు కూడా సరిగా ఉండాలి.

మన బాధ్యత

1996 మార్చి 8 నాటి జీవో 111 జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామాల్లో నిర్మాణాలను నియంత్రించింది. 2022లో జీవో 69 ఆ ఆంక్షలను సడలించింది. పటంపై గీసిన వలయం అవసరమే గాని, నీరు వలయాన్ని ఎరుగదు. అనంతగిరి దానికి వెలుపలే ఉన్నది. పైగా ఎగువ రైతును నగరం కోసం బోరు ఆపమనే నైతిక హక్కు నగరానికి ఉన్నదా అన్న ప్రశ్నను తేలికగా తోసిపుచ్చలేము.

మన వృత్తికి సంబంధించిన మరొక ఇబ్బందికరమైన సత్యం ఉన్నది. ఫాం పాండ్లు, చెక్‌డ్యాములు నీటిని సృష్టించవు. దాని చోటును, కాలాన్ని మారుస్తాయి. అవి ఎగువ పొలానికి చేసిన మేలు నిజమే, దిగువ చెరువుకు తగ్గించిన రాకా నిజమే. వాటర్‌షెడ్ నివేదికలో మొదటిది రాసి రెండవదాన్ని విడిచిపెట్టడం శాస్త్రం కాదు.

విస్తరణ శాస్త్రవేత్తలు చేయదగినవి కొన్ని ఉన్నాయి. లాటరైట్ శిఖరాలపై అడవిని కాపాడడం మొదటి పని; బుగ్గకు తల్లి అదే. నల్లరేగడిలో కంది, జొన్న వంటి వర్షాధార పంటలకు తగిన ధర, తగిన రకాలు అందితే బోరుపై ఒత్తిడి తగ్గుతుంది. బిందుసేద్యం వల్ల మిగిలిన నీటితో సాగు విస్తీర్ణం పెంచితే భూగర్భానికి మిగిలేదేమీ ఉండదని రైతుతో ముందే చర్చించాలి. విద్యార్థులు ఒక పరీవాహకపు రాతి పటం, నేల పటం, వాగుల పటం ఒకదానిపై ఒకటి పరచి చూడాలి. ఒక బావిని ఎంచుకొని, వానలకు ముందూ తరువాతా దాని నీటిమట్టం కొలవాలి.

రాజేంద్రనగర్‌కు చేరువనే హిమాయత్ సాగర్ ఉన్నది. దాని నీటిమట్టాన్ని మనం వర్షపాతంతో పోల్చి చూస్తాము. ఎగువ గ్రామాల బావులతో కూడా పోల్చి చూసిన నాడు, గౌలిగూడ గట్టున నిలిచిన వారికి ఆ నది ఎందుకు ఎండుతుందో, ఎందుకు పొంగుతుందో ఒకే వాక్యంలో చెప్పగలుగుతాము.